తమ్మునికి సర్ది పట్టొద్దని

మా ఇంట్ల చలికాలం తుమ్ముతోని మొదలైతది. క్యాలెండర్ల ఏ నెల నడుస్తుందో నాకు సంబంధం లేదు. పొద్దున బడికి తయారు చేస్తుంటే మా బిడ్డ ఒక్క తుమ్ము తుమ్మిందంటే నా గుండెల రాయి పడ్డట్టే.

మొన్నటి చలికాలం ఆ తుమ్ము విన్నప్పుడు నా చేతిల దువ్వెన అట్లనే ఆగిపోయింది. ఆ పిల్లకు నాలుగేండ్లు, నర్సరీ. లోపలి అర్రల మంచం మీద పండుకున్నోనికేమో రెండు నెలలు గూడ నిండలే. నెల తక్కువ పుట్టిండు వాడు. కొన్ని దినాలు దవాఖాన్లనే గాజుపెట్టెల ఉన్నడు. ఇంటికి పంపేనాడు పిల్లల డాక్టరమ్మ నా మొఖం చూసి సాఫ్‌గ చెప్పింది. "ఈ చలికాలం దాటేవరకు వీడికి జలుబు రాకుండా చూసుకోండమ్మా. మనకు జలుబంటే ముక్కు కారడం. వీడికి ఊపిరాడకపోవడం." ఆ మాట చెవుల పడ్డకాడికెళ్లి నాకు కంటి మీద కునుకు లేదు.

"తుమ్మినవా?" అని అడిగిన బిడ్డను.

"తుమ్మలే" అన్నది, ముక్కును స్వెటర్ చేతికి తుడుసుకుంటూ.

బడి మాన్పిద్దామని మా ఆయనతోని అన్న. "మాన్పిచ్చి ఏడ పెడ్తవ్? ఇంట్లనే ఉంటే ఇరవైనాలుగ్గంటలు వాని పక్కనే ఉంటది. బడికి పోతే పొద్దంతనన్న దూరముంటది" అన్నడు. అది గూడ నిజమే. కాని బడంటే ఏంది? కారే ముక్కులన్నిటిని ఒక్క అర్రల కూసోపెట్టుడు. ఒకళ్ల డబ్బాల ఒకళ్లు తింటరు, ఒకళ్ల పెన్సిల్ ఒకళ్లు నోట్ల పెట్టుకుంటరు. ఆడ పట్టని సర్ది ఇంకేడ పడతది? ఆ ఆలోచనతోనే బిడ్డను పంపిస్త, ఆ ఆలోచనతోనే మళ్ల తెచ్చుకుంట.

మాది లాల్‌దర్వాజా కాడ ఒక సందు. ముందటి అర్ర, లోపలి అర్ర, మెట్ల కింద వంటిల్లు, గంతే. మా ఆయనోళ్లు తాతల నాటి నుంచి పాలోళ్లు. బర్లు ఉప్పుగూడ దిక్కు షెడ్డుల ఉంటయి. మా ఆయన చీకటితోనే లేచిపోతడు, పాలు పిండి, పోసి, మధ్యాహ్నానికి వచ్చి తిని పండుకుంటడు, మళ్ల పొద్దుగూకేముందు పోతడు. చలికి షెడ్డుల పిడకలు రాజేసుకుంటరు. ఆ పొగ వాసన ఆయన ఒంటికి పడతది. "తానం చేసినంకనే పిలగాన్ని ఎత్తుకో" అని నేను గడప కాడ అడ్డం నిలబడేదాన్ని. ఇంత చలిల మళ్ల తానమా అని గులుగుకుంటనే పోసుకునేటోడు పాపం.

ఇంట్ల ఇంకో మనిషి మా అత్తమ్మ. ఆమె లెక్క వేరు. పసిపిల్లగాడున్న ఇంట్ల గాలి దూరొద్దంటది. నా చెవులల్ల దూది పెట్టిచ్చింది, తలకు రుమాల్ కట్టిచ్చింది, పొద్దుమాపు పిలగానికి సాంబ్రాణి పొగ పట్టేది. డాక్టరమ్మేమో పొగ వద్దన్నది, అర్రల గాలి ఆడాలన్నది. నేను కిటికి తెరుస్త. ఆమె వచ్చి మూస్తది. నేను పాలియ్యడానికి కూసున్నప్పుడు మూస్తది, ఆమె వాకిట్లకు పోయినప్పుడు నేను తెరుస్త. నోటితోని ఒక్క మాట లేదు, కిటికితోనే కొట్లాట. చివరికి సాంబ్రాణి ముందటి అర్రకు పోయింది, కిటికి సగం తెరిసి ఉండుడు ఖాయమైంది. ఆ సగంతోని ఇద్దరికీ తృప్తి లేకుండె.

ఇగ సందుల ఉన్నోళ్లు. పిలగాన్ని చూస్తమని వస్తరు, చూసుడంటే చేతులల్లకు తీసుకొని ముద్దు పెట్టుకునుడు. ఒకామె వాన్ని ఎత్తుకొని, మొఖం దగ్గర మొఖం పెట్టి ముద్దులాడి, ఆ తర్వాత పక్కకు తిరిగి ఖళ్ళుమని దగ్గింది. "ఏం గాదు బిడ్డా, వట్టి సర్దే" అన్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వట్టి సర్దట. ఆ వట్టి సర్ది కోసమే నేను రాత్రులు కూసుంటున్న, ఆమెకేం తెలుసు. అప్పటినుంచి ఎవరొచ్చినా "బాబు పండుకున్నడు" అని తలుపు కాడ్నే చెప్పి పంపించేదాన్ని. "మీవోడు ఎప్పుడూ పండుకునే ఉంటడా ఏంది?" అని మొఖం మీద్నే అడిగిన్రు. "అవ్, మస్తు నిద్ర" అని చెప్పిన.

పరాయోళ్లకు తలుపు మూసిన. సొంత బిడ్డకేం మూస్త?

ఆ తుమ్ము తెల్లారికి ముక్కు కారుడైంది, మర్నాటికి దగ్గైంది. ఇగ బిడ్డ ముందటి అర్రల నానమ్మ పక్కనే పండుకోవాలె, లోపలి అర్ర గడప దాటొద్దు అని చెప్పిన. మాస్కు పెడితే పెట్టినప్పుడల్లా గడ్డం కిందికి గుంజుకుంటది. సబ్బుతోని చేతులు కడిగి కడిగి దాని వేళ్లు ముడతలు పడ్డయి. పాపం అది గడప మీద కాలి వేళ్లు పెట్టి నిలబడి లోపలికి తొంగి చూసేది. "దాటలే అమ్మా, సూడు, దాటలే" అనేది. తమ్ముడు పుట్టినకాడికెళ్లి అది నా పక్కన పండుకోలే. నాకు తెలుసు అది. కాని ఒక్కటే మంచం, ఒక్కటే నేను, వానికేమో ఊపిరి. ఏం చెయ్యాలె?

మూడో నాడో నాలుగో నాడో, దగ్గు ఎక్కువైందని మా అత్తమ్మ అన్నది, "పొద్దుగూకినంక మసీదు కాడికి తోలుకపోయి ఊదిపిచ్చుకొస్త." సందు చివర చిన్న మసీదుంది. సాయంత్రం నమాజ్ అయ్యే యాళ్లకు మెట్ల కాడ తల్లులు నిలబడతరు. చంకల పిల్లలు, చేతులల్ల నీళ్ల సీసలు. నమాజ్ చేసి బైటికొచ్చెటోళ్లు దువా సదువుకుంట పిల్లల మొఖం మీద, సీసల నీళ్ల మీద ఊదుకుంట పోతరు. బురఖా వేసుకున్నామె పక్కన బొట్టు పెట్టుకున్నామె నిలబడుతది, ఎవ్వరు ఎవ్వరని ఎవ్వలూ అడగరు. మా ఆయన చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడల్లా డాక్టర్ గోలీ వేసి, మాంకాళమ్మకు మొక్కి, ఈడికి తెచ్చి ఊదిపిచ్చేదట మా అత్తమ్మ. మూడిట్ల ఏది పనిచేసిందో ఆమెకు ఫికర్ లేదు. నీకు నమ్మకమా అని నన్నడిగితే నేనేం చెప్పాలె? నమ్మకం లేదని చెప్పే ధైర్యం నాకు లేదు, ముఖ్యంగా చలికాలంల.

ఆ సాయంత్రం నేను గూడ పోయిన. పిలగాడు పాలు తాగి పండుకుంటే షెడ్డుకు జర ఆలస్యంగ పొమ్మని మా ఆయనను పక్కన కూసోపెట్టి వచ్చిన. మా బిడ్డ తల మీదికెళ్లి మా అత్తమ్మ కొంగు కప్పింది. తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన మెట్లు దిగి మా ముందట ఆగిండు.

"క్యా హువా బచ్చీకు?" అని అడిగిండు.

"సర్ది హై భాయ్. రాత్‌భర్ ఖాంసీ" అన్నది మా అత్తమ్మ. "ఘర్‌మే ఛోటా బచ్చా హై. ఉస్కు నై లగ్నా." రాత్రంత దగ్గు, ఇంట్ల చిన్నోడున్నడు, వానికి అంటొద్దని. మా అత్తమ్మ ఉర్దూ గంతే, కాని ఏడ పోయినా పని నడుస్తది.

ఆయన ఒకడుగు వెనక్కి జరిగి, చేతులు పైకెత్తి పెదాలు కదిలిచ్చి, దూరంకెళ్లే బిడ్డ మీద ఊదిండు. మా సీస మూత తీపిచ్చి నీళ్ల మీద ఊదిండు. పోతు పోతు "ఛోటే కో ఇస్సే జర దూర్ రఖో బేటీ" అన్నడు నాతోని. చిన్నోన్ని దీనికి జర దూరముంచమని. ఇన్ని దినాలల్ల నా మాట మాట్లాడినోడు ఆయన ఒక్కడే అనిపిచ్చింది. దండం పెట్టిన.

బిడ్డ మాత్రం అంతసేపు కండ్లు గట్టిగ మూసుకొని కదలకుంట నిలబడ్డది. ఆయన ఊదినప్పుడు నుదిటి మీది వెంట్రుకలు జర కదిలినయి. కండ్లు తెరిసి "పోయిందా నానమ్మా?" అని అడిగింది.

"పోయింది బిడ్డా. ఊదితే బీమారి పారిపోతది."

ఆ రాత్రి అది మంచిగ పండుకుంది. నేను పోసిన దగ్గు మందు పనిచేసిందో, మా అత్తమ్మ పట్టిన పసుపు పాలు పనిచేసినయో, నాకైతే తెల్వదు. బిడ్డకు మాత్రం తెలుసు. "తాత ఊదిండు, పోయింది" అని బడిల గూడ చెప్పిందట. ముక్కు ఇంకా కారుతనే ఉంది.

రెండు దినాలు గట్ల గడిచినయి. నేను మధ్యల మధ్యల పిలగాని ఛాతి మీద చెయ్యి పెట్టి ఊపిరి లెక్కపెట్టేదాన్ని. లెక్క సగంల తప్పేది, మళ్ల మొదటికెళ్లి పెట్టేదాన్ని. బడికి సెలవున్న ఒకనాడు పొద్దున వాడు తుమ్మిండు. పసిపిల్లలు ఉత్తగనే తుమ్ముతరని అందరూ చెప్తరు, నాకూ తెలుసు. తెలిస్తే ఏమైతది? ఫోన్ లైటేసి ముక్కుల చూసిన. మళ్ల తుమ్మిండు. పాలకెళ్లి వచ్చిన మా ఆయనతోని గట్టిగనే అన్న, "వీనికి గూడ పట్టినట్టుంది. ఇప్పుడేం చెయ్యాలె నేను? ఎవలకు మొక్కాలె?" ఆయన "ఉత్తి తుమ్మేనే, పరేషాన్ గాకు" అన్నడు. గడప మీద వేళ్లు పెట్టి నిలబడి బిడ్డ అంతా వింటుంది. నేను చూసిన దాన్ని. దూరం జరుగుమని చెయ్యితోని సైగ చేసిన.

ఆ మధ్యాహ్నం మా ఆయన తిని దాణా తెచ్చేటందుకు పోయినంక, ఎండ జర మంచిగుంటే పిలగాని గుడ్డలు ఆరేసేటందుకు పైకి పోయిన. మా అత్తమ్మ ముందటి అర్రల కూసొని బియ్యంల రాళ్లు ఏరుతుంది, బిడ్డ ఆమె పక్కనే బొమ్మలతోని ఆడుతుంది. అది చూసే పోయిన. నేను దిగి వచ్చేసరికి మా అత్తమ్మ గోడకు ఒరిగి కునుకు తీస్తుంది, పక్కన బొమ్మలున్నయి, బిడ్డ లేదు.

లోపలి అర్రల మంచం మీద ఉంది. తల మీద నా చున్నీ కప్పుకుంది. రెండు చేతులు పైకెత్తి పెదాలు గబగబ కదిలిస్తుంది. దగ్గరికి పోతే వినవడ్డది. ఏ బీ సీ డీ సదువుతుంది. దానికొచ్చిన సదువు అదొక్కటే. జెడ్ దాక సదివి, ముందుకు ఒంగి, వాని మొఖం మీద ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరకెళ్లి, బుగ్గల నిండ గాలి నింపుకొని ఊదింది. వాడు కండ్లు చిట్లిచ్చి కాళ్లు చేతులు కొట్టుకుంటుండు. మళ్ల ఏ బీ సీ డీ.

నేను ఎంత గట్టిగ ఒర్రిన్నో నాకే తెల్వదు. ముందటి అర్రల బియ్యం చాట కిందపడ్డ సప్పుడు విన్న. బిడ్డను రెక్క పట్టి మంచం మీదికెళ్లి కిందికి దించిన.

"మంచిగైతడమ్మా" అన్నది. "నేను మంచిగ సదివిన."

"ఎవలు చెప్పిన్రు నీకు? నీ నోట్ల సర్ది ఉంది. నీ గాలి తగిలితే తమ్మునికి ఊపిరాడదు, తెలుసా?" అన్న. వాని మొఖం గోరువెచ్చని నీళ్లతోని తుడిసిన. ఎన్నిసార్లు తుడిసిన్నో. మా అత్తమ్మ గడప కాడ నిలబడి "ఏం గాదు తియ్యి, పసిది, దానికేమెరుక" అన్నది. "ఎరుక లేకపోతే మీరు చెప్పాలె గద అత్తమ్మా" అని ఆమె మీద గూడ ఒర్రిన. ఆమె ఒంగి కిందపడ్డ బియ్యం ఎత్తుకుంది. చున్నీ తీసి మడతపెట్టి బిడ్డ నాకిచ్చింది. ఏడవలే.

తర్వాతి దినాలు నేను ఎట్ల గడిపిన్నో చెప్పరాదు. వాడు నవ్వితే ఇంకా పట్టలే అనుకునేదాన్ని. నిద్ర లేవకపోతే పట్టింది అనుకునేదాన్ని. బిడ్డ సర్ది తగ్గుకుంట వచ్చింది. పిలగానికి పట్టింది. ముందు ముక్కు బుసబుసమన్నది. డాక్టరమ్మ ఫోన్ల ముక్కుల చుక్కలు వెయ్యమన్నది, పాలు తాగకపోయినా, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోయినా వెంటనే తీసుకరమ్మన్నది. ఆ మర్నాడు వాడు రొమ్ము నోట్ల పెట్టుకొని, రెండు గుక్కలు తాగి, ఇడిసిపెట్టి ఏడిసిండు. మళ్ల పెడితే మళ్ల గట్లనే. ఆకలైతుంది, తాగుతందుకు ఊపిరి సాలుతలేదు. అంగీ పైకి లేపి చూసిన. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కెముకల కింద తోలు గుంట పడుతుంది.

మా అత్తమ్మను పిలిచిన. ఆమె ఏం గాదంటదని, నేను తిట్టాలని, నా లోపల అదే ఆశ. ఆమె ఒంగి చూసింది. "డొక్కలెగరేస్తుండు" అన్నది చిన్నగ. "నడువు బిడ్డా, దవాఖానకు పోదాం." ఎప్పుడూ ఏం గాదనే మనిషి అట్లన్నదంటే, వాన్ని దుప్పట్ల చుట్టి ఎత్తుకున్న.

మా ఆయన షెడ్డు కాడ ఉండె. ఫోన్ చేస్తే సీదా దవాఖానకే వస్తనన్నడు. బిడ్డను ఇంట్ల ఇడిసిపెట్టేటందుకు ఎవ్వలు లేరు. ఆటోల నేను ఒక అంచుకు, పిలగాడు నా ఒళ్ల, నడుమ మా అత్తమ్మ, ఆ అంచుకు బిడ్డ. దానికి మంకీ టోపీ పెట్టి "అటు తిరిగి కూసో" అన్న. అటే తిరిగింది. సందుల కూరగాయల బండ్లు, బైకులు, ఎదురుంగ వచ్చే ఆటోలు. డ్రైవర్ భాయ్ "హటో హటో, బచ్చా హై" అని ఒర్రుకుంట పోనిచ్చిండు. నేను వాని డొక్కలు తప్ప ఏం చూడలే. దిగేటప్పుడు చూస్తే బిడ్డ ఇంకా అటే తిరిగి ఉంది.

దవాఖాన్ల వేరే డాక్టర్ ఉండె, వయసు తక్కువ. వాని కాలి వేలికి క్లిప్పు పెట్టి మెషిన్ల చూసిండు, ఛాతికి గొట్టం ఆనిచ్చి విన్నడు. మా ఆయన అప్పుడే ఉరుక్కుంట వచ్చిండు, కాళ్లకు పేడ గూడ కడుక్కోలే.

"ఇంట్లో ఎవరికైనా జలుబు ఉందా?" అని అడిగిండు డాక్టర్.

మా ఆయన, మా అత్తమ్మ, నేను, ముగ్గురం ఒక్కటేసారి బిడ్డ దిక్కు చూసినం. అది నానమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డది. డాక్టర్ గూడ చూసిండు. "అక్కనా? స్కూల్ నుంచి తెచ్చి తమ్ముడికి ఇచ్చినవా?" అని నవ్వి, రాసుకుంట "అడ్మిట్ చేద్దాం, ఆక్సిజన్ పెట్టాలి" అన్నడు. ఆక్సిజన్ అన్న మాట ఇన్నంక నాకు ఇంకేం వినవడలే.

ఆడ ఉన్నన్ని దినాలు నాకు ఒక్కటే పని. వాని ముక్కు కాడ సన్న పైపు, మెషిన్ మీద ఎర్ర అంకెలు. అంకె కిందికి పోతే నర్సును పిలుసుడు. "అమ్మా, కాలు కదిలిస్తే అట్లనే చూపిస్తది, మీరు భయపడొద్దు" అని ఎన్నోసార్లు చెప్పింది ఆమె. భయపడొద్దంటే ఎట్ల? పైపును చెయ్యితోని గుంజుకుంటడని వాని చేతులు పట్టుకొని కూసునేదాన్ని. పక్క మంచం మీది పిల్లగాని తల్లి నాకు చాయ్ తెచ్చిచ్చేది, నేను తాగుడు మర్సిపోతే చల్లారిన చాయ్‌ని ఏమనకుంట తీసుకపోయేది.

వార్డుల పిల్లలను రానియ్యరు. సాయంత్రం మా అత్తమ్మ ఫోన్ చేసేది. "పాప ఏం చేస్తుంది?" అని అడుగుతే, "మంచిగుంది, ఏం లొల్లి లేదు. చెప్పిన మాట వింటుంది" అనేది. హమ్మయ్య అనుకున్న. ఫోన్ల మొఖం చూపిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నా దిక్కు చూసేది. సిగ్గు పడుతుందనుకున్న. అంతకన్న ఎక్కువ ఆలోచించేటందుకు నా దగ్గర జాగ లేకుండె.

ఒకనాడు వాడు గుక్క తిప్పుకోకుంట పాలు తాగిండు. తాగినంత సేపు నేను ఏడుస్తనే ఉన్న. మర్నాడు పైపు తీసిన్రు, ఆ తర్వాత ఇంటికి పంపిన్రు.

ఇంటికొచ్చినప్పుడు బిడ్డ సర్ది మొత్తానికే పోయింది. ముక్కు సాఫ్, దగ్గు లేదు. డాక్టర్ గూడ ఇగ అక్క దగ్గరికి రావచ్చన్నడు. "రా, తమ్ముని చూడు, వచ్చిండు" అని పిలిచిన. గడప కాడ ఆగింది. బుగ్గలు ఉబ్బిచ్చుకొని లోపలికొచ్చింది, వాని కాలు ఇట్ల ముట్టుకుంది, తిరిగి ముందటి తలుపు దాక ఉరికింది. ఆడ ఫూఫ్ అని సప్పుడు. బడిల నేర్చుకున్న కొత్త ఆటేదో అనుకున్న. ఆ సాయంత్రమంతా గంతే. బుగ్గలుబ్బిచ్చుకొని వచ్చుడు, చూసుడు, ఉరుకుడు. మా ఆయన గూడ నవ్విండు.

మర్నాడు పొద్దున వాన్ని ఒళ్ల ఏసుకొని మంచం మీద కూసున్న. అది మళ్ల గట్లనే వచ్చింది. ఈసారి వేలితోని వాని అరచెయ్యి ముట్టుకుంది. వాడు ఆ వేలును పట్టుకున్నడు. పసిపిల్లల పట్టు గట్టిది గద, ఇడుస్తలేడు. అది గుంజుకోవాలని చూసింది, మళ్ల గుంజుకోబుద్ధి గాలే. వాడు దాని దిక్కే చూస్తుండు. దాని మొఖం ఎర్రగైంది. కండ్లల్ల నీళ్లొచ్చినయి. బుగ్గలు అట్లనే ఉబ్బి ఉన్నయి.

"ఏందే, ఊపిరి తీసుకో" అన్న నవ్వుకుంట.

తల అడ్డంగ ఊపింది. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. "తీసుకోవే" అన్న. మెడ నరాలు లేచినయి దానికి. ఇగ ఆగలేక, వేలు ఊడబెరుక్కొని ఉరికింది. వాడు గుక్కపట్టి ఏడిసిండు. వాన్ని మా అత్తమ్మ చేతుల పెట్టి వెనకనే పోయిన. ముందటి తలుపు పట్టుకొని వాకిలి దిక్కు మొఖం పెట్టి, డొక్కలెగరేసి ఊపిరి తీసుకుంటుంది నా బిడ్డ.

కింద కూసొని దాని భుజాలు పట్టుకున్న. "ఏంది బిడ్డా ఇది?"

ఊపిరి అందినంక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చెప్పింది, "నా గాలి తగిలితే తమ్మునికి ఊపిరాడదు గదమ్మా."

వెనకకెళ్లి మా అత్తమ్మ, పిలగాన్ని ఊపుకుంట అన్నది, "నా పక్కన గూడ గోడ దిక్కు తిరిగే పండుకుంటుంది ఇన్ని దినాలు. చలికేమో అనుకున్న."

ఇన్ని దినాలు ఒక్క పిలగాని ఊపిరి లెక్కపెట్టిన నేను. ఇంకొకతె ఆపుకుంటుందని చూడలే. ఏం చెప్పాలె దానికి? సర్ది పోయింది, నీ గాలి మంచిదే అని చెప్పిన. ఇన్నది గాని చెయ్యి తియ్యలే. డాక్టర్ మామ చెప్పిండు అన్న. తియ్యలే. మసీదు తాత గూడ చెప్పిండు అన్న. అయినా తియ్యలే. దాని చెయ్యి నేనే పట్టి కిందికి దించి, నా మొఖం దాని మొఖం ముందట పెట్టిన.

"ఊదు" అన్న. "నా మీద ఊదు."

అది నానమ్మ దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. కొంచెమంటే కొంచెం ఊదింది, నా కండ్ల మీద తగిలీ తగలకుంట. పొద్దుగాల తాగిన పాల వాసన.

"ఇంకా గట్టిగ."

"నీకు సర్దొస్తే?" అన్నది.

"రానియ్యి" అన్న.